వాలుగ దవడ

పొందూరులో మా ఇంట
వాలుగ చేప దవడతో
గింజ మీది దూదిని దువ్వేది సూరీడమ్మ.
అరచేతిలో ఇమిడే ఎముక, సన్నపళ్ళ వరస.
నలభై ఏళ్ళకీ ఆ దవడ అరగలేదు.
అరిగింది ఆమెదే.

అడ్డపొగ అలవాటు.
నిప్పు నోట్లో పెట్టుకొనే
రాట్నం తిప్పుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేది.
అంగిట్లో పుండు లేచిందని
నాతో చెప్పడానికి మాత్రం ఏడాది పట్టింది.
విశాఖలో పెద్ద డాక్టరు
కాగితం తిరగేసి, మళ్ళీ తిరగేసి
"ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు.
ఇంటికి తీసుకెళ్ళి ఏం చెయ్యాలో
ఆ కాగితంలో లేదు.

వాసన.
దాని సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను.
చుట్టాలు గుమ్మంలోనే పలకరించి
చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోయారు.
నేనూ, అబద్ధమెందుకు,
మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని
తెగని పోగు తెగిందని
అక్కడే కూర్చున్న పూటలున్నాయి.

మంగళవారం మంగళవారం
శ్రీకాకుళం నుంచి స్కూటీ మీద ఎస్తేరు సిస్టరు.
వచ్చిన మొదటిరోజే చెప్పులు విప్పింది.
మంచం మీద, ఆమె పక్కనే కూర్చుంది.
మాత్రని రెండు చెంచాల మధ్య నలిపి
ఆ పొడి పుండు మీద చల్లడం
నా చేతే చేయించింది.
"నెమ్మదిగా బాబూ, పోగు అతుకుతావు కదా, అలగ."
నాలుగోనాటికి వాసన తగ్గింది.
ఆ ఆదివారం మా వదిన లోపలికొచ్చి
సూరీడమ్మకి జడ వేసింది.

నొప్పి మాత్ర నాలుగు గంటలకొకటి.
నొప్పి వచ్చాక కాదు, రాకముందే.
రాత్రి రెండింటికి అలారం పెట్టుకొని
లేచేవాణ్ణి, లేచానో లేదో తెలియకుండా.
సిస్టరు నా కళ్ళు చూసింది.
పట్టీ నా చేతికీ చుట్టి, గాలి కొట్టి,
"నువ్వు తిన్నావేటి?" అని అడిగింది.
ఏం తిన్నానో గుర్తు రాలేదు.
డాక్టరుతో ఫోన్లో మాట్లాడి చెప్పింది:
"పడుకునే ముందు రెండు వెయ్యి. రెండింటికి లేవకు.
నీ నిద్ర కూడా ఆవిడకి మందే."

శనివారాలు తవిటయ్య వచ్చేవాడు.
రిటైరైన బస్సు కండక్టరు.
చెవిలో పెన్సిలు, చేతిలో మందుల టైము రాసే పుస్తకం.
"నువ్వు దిగిపో, నాను చూస్తాను" అని
నన్ను స్టేషను దాకా తోలేవాడు.
మొదటివారం టీ సగంలో వదిలి పరుగెత్తుకొచ్చాను.
మూడోవారం
ఒక గూడ్సు బండి పెట్టెలన్నీ లెక్కపెట్టాను.

ఒకరోజు సూరీడమ్మ
వేళ్ళు విప్పి, మడిచి, సిస్టర్ని అడిగింది: ఎన్నాళ్ళు?
నేను దూలం వైపు చూశాను.
సిస్టరు ఆ వేళ్ళు పట్టుకొనే చెప్పింది:
"నెలలు కాదమ్మా. వారాలు."
ఆమె ఏడవలేదు.
నన్ను చూపించి, పొయ్యి చూపించి,
చెయ్యి అడ్డంగా ఊపింది:
ఈయనకి వంట రాదు.
"అయితే నేర్పు" అంది సిస్టరు.

మంచం వంటింటి గుమ్మానికి జరిపాం.
ఉప్పు ఎంతో మూడువేళ్ళు చేర్చి చూపించేది.
వంకాయ మాడితే కనుబొమ్మ లేచేది.
నువ్వుపిండి వేశాక
మూకుడు తీసుకెళ్ళి ముఖం దగ్గర పెట్టేవాణ్ణి.
గొట్టంలోంచి జావ తాగే మనిషి
కళ్ళు మూసుకొని వాసన చూసి
ఇంకొంచెం, ఇంకొంచెం, అని వేళ్ళు ఆడించేది.
ఆ ఇంట్లోనే, ఆ ముక్కుతోనే.

తెల్లారగట్ట పోయింది. నొప్పి లేకుండా.
ఊళ్ళో ఎవరన్నా ఆ మాట అంటే
ఇదివరకు తలూపి ఊరుకునేవాణ్ణి.

తరువాతి మంగళవారం కూడా స్కూటీ ఆగింది.
మిగిలిన మాత్రలు లెక్కపెట్టింది: పదకొండు.
రాసి, నా చేత సంతకం పెట్టించింది.
దూదిబుట్టలో వాలుగ దవడ చూసి
చేతిలోకి తీసుకొని, పళ్ళ మీద వేలు రాసి
మళ్ళీ అక్కడే పెట్టింది.
ఇంకా రెండింటికి మెలకువొస్తోందని చెప్పాను.
"వస్తాది, బాబూ. కొన్నాళ్ళు వస్తాది" అంది.
మందు ఏమీ ఇవ్వలేదు.

ఆ పూట కంచం పెట్టాను.
ఉప్పు ఎక్కువైంది.
మారుమాట్లాడకుండా తినేసి
మళ్ళీ కొంచెం అడిగింది.